వంతెన మీద కూడా

నా సైకిల్‌ని కొక్కేనికి తగిలించగానే కాటా ముల్లు ఎంత దూరం పోయిందంటే, బారు నడిపే నొయెల్లా కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

ఇది మా ఊరు మెల్డెన్‌లో ఏటా జరిగే తంతు. పేరున్న సైకిల్ పందెగాళ్ల పోటీకి ముందురోజు మాలాంటి మామూలు జనం గుండ్రాళ్లు పరిచిన అవే ఎత్తురోడ్ల మీద తొక్కుతారు. దానికి ముందు సాయంత్రం మా క్లబ్బువాళ్లందరం నొయెల్లా బారులో చేరతాం. వాళ్ల నాన్న బంగాళాదుంపల వ్యాపారి, ఆయన కాటా వెనకగదిలో ఇంకా వేలాడుతోంది. సైకిళ్లన్నీ దానికి తగిలిస్తాం. అందరికన్నా తేలిక సైకిల్ ఎవడిదో వాడు బీరు పోయించాలి. అంత డబ్బు పోసి ఈకలాంటి సైకిల్ కొన్నవాడికి బీరొక లెక్కా అన్నది మా న్యాయం. చాలా ఏళ్లుగా ఆ బీరు పోయించేది నేనో, నా స్నేహితుడు ఫిర్మినో.

"ఒరేయ్ ఒమేర్, దీనికేం మేపుతున్నావురా?" అన్నాడు ఫిర్మిన్.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "రాళ్ల కోసం లావు టైర్లు వేయించింది మా ఆవిడ" అన్నాను.

"టైర్లేనా, లోపల సిమెంటు కూడా పోయించిందా?"

వాడి ఎకసెక్కాలు నాకు ఆ సాయంత్రం ఓ లెక్క కాదు. అంత గర్వంగా ఉన్నాను. ఆకురాలు కాలంలో నా గుండె మొరాయించి ఆసుపత్రిపాలైతే, ఇక చదును రోడ్లేనన్నాడు డాక్టరు. మా ఊరి చివర మొదలయ్యే కోపెన్‌బర్గ్ గుట్ట మీద ఒక్కసారి కూడా కాలు కింద పెట్టనివాడు క్లబ్బు మొత్తంలో నేనొక్కణ్ణే. చదును రోడ్ల మీద తొక్కడానికి నేనెందుకు, పోస్టుమాన్ చాలడా? చలికాలమంతా సాధన చేశాను. మొదట్లో భయంభయంగా తొక్కేవాణ్ణి. తర్వాత నాకే నమ్మశక్యం కాలేదు, నలభై ఏళ్లప్పటి కాళ్లు తిరిగొచ్చేశాయి. నాకన్నా పదేళ్లు చిన్నవాడు ఫిర్మిన్, వాణ్ణి కోపెన్‌బర్గ్ మీద వెనక వదిలేసి పైన నిలబడి "ముసలాడివైపోయావురా!" అని అరిచాను. డాక్టర్లకేం తెలుసని ఈ బారులోనే ఎన్ని కోతలు కోశానో.

"మొన్నే చెప్పా వీడికి" అన్నాడు ఫిర్మిన్ మిగతావాళ్లతో. "సైకిల్లోంచి ఏదో జుమ్మంటోంది, బేరింగులు చూపించుకోమని."

నాకా చప్పుడు ఎప్పుడూ వినపడలేదు. చెవిమిషను గాలికి ఊళ పెడుతుందని తొక్కేటప్పుడు తీసి జేబులో వేసుకుంటాను. ఇక సైకిల్ సంగతులన్నీ లుత్‌గార్డ్‌వే. బరువులెత్తొద్దన్నారని షెడ్డులోంచి తీసేదీ, తుడిచేదీ, సీటు కింద సంచిలో పనిముట్లు సర్దేదీ మా ఆవిడే.

ఫిర్మిన్ ఊరుకోలేదు. సీటు ఊడదీసి గొట్టంలోకి ఫోన్ లైటు వేశాడు. వాడి నవ్వు ఆగిపోయింది. వేలు పెట్టి ఒక సన్నటి వైరు పైకి లాగాడు.

"మోటారు" అన్నాడు.

నేను నోరు వెళ్లబెట్టాను. నా సైకిల్లో మోటారేమిటి?

"నాకు తెలీదురా" అన్నాను. "మా అమ్మ మీద ఒట్టు."

"తెలీకుండా నీ సీటు కిందికి దానంతటదే నడిచొచ్చిందా? నన్ను ముసలాడన్నావు కదరా!" కోపమైతే సర్దుకుపోయేవాణ్ణి. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు తల కొట్టేసినట్టయింది. ఎవరి మొహం చూసినా పక్కకు తిప్పుకుంటున్నారు.

మూల బల్ల దగ్గర లుత్‌గార్డ్ నా చొక్కాకి రేపటి నంబరు గుచ్చుతోంది. పిన్నీసులు బల్ల మీద పెట్టి లేచింది.

"ఆయన్నేమీ అనకండి. పెట్టించింది నేను."

"నువ్వా?" అన్నాను.

"నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడే పెట్టించా. బ్యాటరీ ఆ పనిముట్ల సంచిలో ఉంది. బ్యాటరీ సైకిల్ కొందామంటే ఏమన్నావు? నేను చచ్చాక నా శవాన్ని ఎక్కించుకో అన్నావు. శవం దాకా ఎందుకని ముందే ఎక్కించా."

పట్టరాని కోపం వచ్చింది. "అబద్ధం! నేనెప్పుడూ ఏ స్విచ్చూ నొక్కలేదు!"

"స్విచ్చు లేదు. గుండె వేగం చూసుకోమని డాక్టరిచ్చిన పట్టీ ఛాతీకి కట్టుకుంటున్నావుగా, అదే స్విచ్చు. నీ గుండె ఆయన పెట్టిన గీత దాటితే మోటారు తిరుగుతుంది. దాటకపోతే తిరగదు, నీ కాళ్లే."

ఆ చివరి మాట పట్టుకుని వేలాడాను. "అయితే ఎక్కడో నిట్టనిలువు దగ్గర కాస్త తిరిగుంటుంది. అంతేగా? కోపెన్‌బర్గ్ మధ్యలోనా?"

"మొదట్నుంచీ."

"పాటర్‌బర్గ్ గుట్ట మీద?"

"మొదట్నుంచీ, ఒమేర్."

"మరి ఎక్కడ తిరగలేదు?"

ఆవిడ పెదవి కొరుక్కుంది. "మోటారు ఎక్కడెక్కడ తిరిగిందో మెకానిక్ ఫోన్లో చూపిస్తుంటాడు. వంతెన మీద కూడా తిరిగింది."

స్కెల్డె నది మీది వంతెన. బడిపిల్లలు ఒక చేత్తో బిస్కెట్ తింటూ ఎక్కేస్తారు దాన్ని.

ఎవరూ నవ్వలేదు. ఫిర్మిన్ సీటు మళ్లీ బిగించాడు, చాలా నెమ్మదిగా. ఆ సాయంత్రం ఎవరూ బీరు పోయించలేదు.

"ఆ పట్టీ చెడిపోయుంటుంది" అన్నాను ఇంటికొచ్చాక.

తెల్లారగానే లేచి సీటు కింది బ్యాటరీ సంచి ఊడదీసి వంటింటి బల్ల మీద పెట్టాను. సైకిల్ నేనే బయటికి తీశాను. సవారీ మొదలయ్యే చోటికి కాదు, వంతెన దగ్గరికి వెళ్లాను. తేల్చుకోవాలి. నాకు భయమేసింది, అబద్ధమెందుకు. దూరంనుంచి వేగం పుంజుకుని ఎక్కడం మొదలుపెట్టాను. సగం దాకా బాగానే ఉందనిపించింది. తర్వాత ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టయింది. ఊపిరి అందలేదు, కళ్లు మసకేశాయి. నా ప్రమేయం లేకుండానే కాలు కింద పడింది.

నమ్మలేక ఆ బూటువంక చూస్తూ నిలబడిపోయాను. కోపెన్‌బర్గ్ రాళ్ల మీద ఎన్నడూ ఆనని కాలు తారురోడ్డు మీద ఉంది. రొట్టెలు కొనడానికి పోతున్న ఒక ముసలమ్మ, బుట్ట సైకిల్ మీద "బాగున్నావా ఒమేర్?" అంటూ నన్ను దాటి వెళ్లిపోయింది.

వెనక బ్రేకు కీచుమంది. లుత్‌గార్డ్. చలికోటు కింద రాత్రి గౌనుతోనే వచ్చేసింది. ముందు బుట్టలో నా సంచి. నా మొహంలోకే చూస్తోంది.

ఊపిరి కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

"ఆ సంచి ఇలా ఇవ్వు" అన్నాను.