దాటిపోయిన పళ్ళెం

శనివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ తిన్న గిన్నెలు కడిగి, వంటగది గట్టు తుడిచి, ఆవిడ పిండి కలపడానికి కూర్చుంది. నెలనెలా మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్లకు, బాప్తిస్మం పొందినవాళ్ళకి తలో ముక్కా పంచే రొట్టె ఆవిడే చేయాలి. పదేళ్ళుగా చేస్తోంది. ఎవరూ చేయమనలేదు, చేయొద్దనీ అనలేదు; ఆడవాళ్ళ పనులు చాలావరకు అలాగే మొదలవుతాయి. పక్కనే చక్రాల కుర్చీలో కూతురు. పదిహేడేళ్ళది. మాట రాదు, మెడ సరిగ్గా నిలవదు, చేతులు మాత్రం పిండి కనిపిస్తే ఊరుకోవు. వంకర తిరిగిన వేళ్ళతోనే అరగంట సేపు పిసికి పిసికి మెత్తగా చేసి పెడుతుంది. "నీ చేతి రొట్టె వెన్నలా ఉంటుందమ్మా, ఆ రహస్యమేంటో చెప్పవూ" అని పాస్టరమ్మ అడిగినప్పుడల్లా ఆవిడ నవ్వి ఊరుకుంటుంది. భర్త ముందే చెప్పి పెట్టాడు. "అది పిసికిందని ఎవరితోనూ అనకు. చొంగ పడిందేమో అనుకుంటారు."

భర్త సంఘ పెద్ద. ఇంట్లో తాగిన మంచినీళ్ళ గ్లాసు తీసి అవతల పెట్టని మనిషి, చర్చిలో మాత్రం రొట్టె పళ్ళెం పట్టుకుని వరస వరసకీ తిరుగుతాడు. కిందటేడు మెట్ల పక్కన చక్రాల కుర్చీ ఎక్కేలా ర్యాంపు కట్టించిందీ ఆయనే. రిబ్బను కూతురి చేతే కట్ చేయించారు, ఫోటోలు తీశారు, చప్పట్లు కొట్టారు. ఆ వేళ ఆవిడ పొంగిపోయి ఏడ్చింది కూడా. ఆ ర్యాంపు మీదుగా పిల్ల లోపలికైతే వెళ్తోంది. బల్ల దగ్గరికొచ్చేసరికి "నోటితో విశ్వాసం ఒప్పుకుంటేనే బాప్తిస్మం, బాప్తిస్మం అయితేనే బల్ల. నా చేతుల్లో ఏముందమ్మా" అంటారు పాస్టర్‌గారు. అత్తగారికి అంత మొహమాటం లేదు. "నీ విశ్వాసంలోనే ఎక్కడో లోటుంది. లేకపోతే ఈపాటికి లేచి నడిచేది కాదూ" అంటుంది. మాట రాని పిల్ల మనసు దేవుడికి తెలియదనుకుంటే, మరి మనం కళ్ళు మూసుకుని లోలోపల చేసే ప్రార్థనలన్నీ ఎవరికి అందుతున్నట్టు? ఈ మాట ఆవిడకి ఎన్నోసార్లు నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు.

అడగకపోగా ఇంకో పని చేస్తూ వచ్చింది. పళ్ళెం తమ వరసలోకి రాగానే కూతురు చెయ్యి చాచేది. అది తను పిసికిన పిండేనని దానికి తెలుసు. ఆవిడ ఆ చేతిని పట్టుకుని, ఎవరూ చూడకుండా, మెల్లగా దాని ఒళ్ళోకి నొక్కేసేది. ఆయన పళ్ళేన్ని కూతుర్ని దాటించి ఆవిడ ముందు పెట్టేవాడు. ఆవిడ తన ముక్క తీసుకుని కళ్ళు మూసుకునేది. నెలకోసారి, ఏళ్ళ తరబడి, కన్నతల్లి చేసిన పని ఇది. అత్తగారి మాటలకన్నా ఇదే ఆవిడను ఎక్కువ కోసేది.

ఈ ఆదివారం నొక్కకూడదనుకుంది. తండ్రే కదా, చాచిన చేతిని కళ్ళారా చూసి కూడా దాటిపోతాడా అనుకుంది. పళ్ళెం వచ్చింది. కూతురి కుడిచెయ్యి వణుకుతూ లేచింది. ఆవిడ చేతులు కట్టుకుని కూర్చుంది. ఆయన చూశాడు. ఆ చెయ్యి పట్టుకో అన్నట్టు ఆవిడకి కళ్ళతో సైగ చేశాడు. ఆవిడ కదల్లేదు.

అప్పుడు కూతురు తల తిప్పి అమ్మ ముఖంలోకి చూసింది. అమ్మ మరిచిపోయిందనుకుంది కాబోలు. ఎడమచెయ్యి అతి కష్టం మీద ఎత్తి, చాచిన తన చేతిని తనే పట్టుకుని, మెల్లగా ఒళ్ళోకి నొక్కేసుకుంది.

ఆయన హమ్మయ్య అనుకుని పళ్ళెం ఆవిడ ముందుకి జరిపాడు. "తీసుకో, వెనక జనం చూస్తున్నారు" అన్నాడు గొంతు తగ్గించి.

"దాన్ని దాటొచ్చిన ముక్క నా గొంతు దిగదండి" అంది ఆవిడ. మెల్లగానే అనాలనుకుంది గానీ, చివరి వరస దాకా వినబడింది.