కథలాపూర్ కాడ పోయిన గంట

బండి మోగుతది గని ఉరకదంటే రోగం ఇంజన్‌ది గాదు, క్లచ్‌ది. గీ ముక్క కోరుట్లల పదహారేండ్ల సంది అందరికి చెప్తున్న. నా పేరు ఖాలిద్, మెకానిక్‌ని. నోరు మంచిది గాదు గని చెయ్యి మంచిదంటరు నన్ను. గా చెయ్యి సంగతే చెప్తున్న, మధ్యల అడ్డం రాకుండ్రి.

సకల జనుల సమ్మె నడుస్తున్నది. బస్సులు డిపోలల్ల పండుకున్నయి, దుకాండ్లన్ని బందు. పొద్దున పదింటికి సిరిసిల్ల దవఖాన నుంచి లచ్చయ్య ఫోన్ చేసిండు. ఎల్లారెడ్డిపేటల తాటిచెట్లు గీసి కల్లు దించే ముసలాయన. మునుపటేడు చెట్టు మీదికెళ్లి పడితే నేనే రక్తమిచ్చిన. ఆయనదీ నాదీ ఒక్కటే రక్తం, ఓ నెగెటివ్.

"ఖాలిదూ, మా బిడ్డ సృజన కాన్పైంది. పిలగాడు మంచిగున్నడు, దానికి రక్తం ఆగుతలేదు. దానిది గూడ మన రక్తమే. కరీంనగర్ల అడిగిన్రు, లేదన్నరు. నాది తీస్కోమంటే డాక్టరమ్మ నాకే రక్తం లేదంటున్నది. పన్నెండు దాటితే కష్టమట కొడుకా."

"వస్తున్న" అన్న. అరువై కిలోమీటర్లు, గంటన్నర తొవ్వ. పదకొండున్నరకు ఆడుంట అనుకున్న.

నాది మట్టిబాటల బండి. గుబ్బల టైర్లు, పైకెత్తిన సైలెన్సర్. పొలాల పొంటి పోయి నీళ్ల ఇంజన్లు బాగుచేసేటందుకు నేనే తయారు చేసుకున్న. ఊరందరి బండ్లు చూసేటోని బండి ఎట్లుంటదో మీకెర్కే గదా. దుకాండ్లు బందున్నయని మొన్ననే నీళ్ల ఇంజన్‌కు పోసే ఆయిల్ దీంట్ల పోసిన. ఇంకెవడన్న గా పని చేస్తే వాని ఖాందానంత తిట్టేటోన్ని.

కథలాపూర్ దగ్గరపడంగ దూరం నుంచే కనవడ్డది. తొవ్వకడ్డం రాళ్లు, టెంటు, పొగ. వంటావార్పు. నడి రోడ్డు మీద బువ్వ వండుతున్నరు, డప్పు కొడుతున్నరు. నా కాలు బ్రేక్ మీద పడ్డది.

ఎందుకాగిననో చెప్తే నా మీద ఉమ్మేస్తరు. ఉమ్మేసినా చెప్త. మూడు రోజుల కింద జగిత్యాలల మేము గూడ గిట్లనే కూసున్నం. ఒకడు బండి మీద అచ్చి, మా అమ్మకు మందులు తీస్కపోతున్న, ఇడువుండ్రి అన్నడు. అందరూ గదే చెప్తరని నేనే వంగి వాని రెండు టైర్ల గాలి తీసిన. వాడు బండి నూక్కుంట పోతుంటే నవ్వినం. నేను జెర ఎక్కువనే నవ్విన.

గీళ్లు గూడ నా లెక్కనే ఉంటరనుకున్న. బండి కాలువ గట్టు మీదికి తిప్పిన.

వానలు పడ్డ మట్టి, మోకాలు దాక దిగబడుతున్నది. క్లచ్ సగం పట్టి, సగం ఇడిసి గుంజిన. ఫర్లాంగు పోలే, బండి మోగుడే గని పోవుడు లేదు.

ముందుగల కేబుల్ చూసిన. లివర్‌కు రూపాయి బిళ్ల మందం ఆట ఉండాలె, లేదు. వదులు చేసిన, ఫరక్ రాలే. గేర్లు ఏసి చూసిన, ఒక్కోటి మంచిగనే పడుతున్నది. అంటే గేర్లది గాదు, లోపట ప్లేట్లు జారుతున్నయి. ఆయిల్ వాసన చూస్తే మాడు కంపు. నాకు సమజైంది, ప్లేట్లను జారవెట్టింది నేను పోసిన నీళ్ల ఇంజన్ ఆయిలే. సమజైనందుకు లోపల జెర గర్వం గూడ అచ్చింది, థూ నా బతుకు. బండిని పక్కకు పండవెట్టి కవర్ ఇప్పిన. ప్లేట్లు అద్దం లెక్క మెరుస్తున్నయి. పెట్రోల్‌తోని కడిగి ఒక్కొక్కటే బండకు గీకిన.

నడుమ లచ్చయ్య ఫోన్. "ఏడిదాక అచ్చినవ్?"

"కథలాపూర్ దాటిన" అన్న. అబద్ధం.

డప్పు సప్పుడు ఇనవడుతనే ఉన్నది. రెండు ఫర్లాంగులు గంతే. పోయి అడుగురా అని మనసు గుంజుతున్నది. ఎవడు నమ్ముతడురా నిన్ను, నువ్వు నమ్మినవా అని గదే మనసు తిడుతున్నది. యా అల్లా, జెర చెయ్యి ఉరికియ్యి అనుకుంట బోల్టులు బిగించిన. బండి లేచింది, నాలుగు మడుల దూరం ఉరికింది, మళ్ల జారింది. ఆయిల్ గదే గదా, ప్లేట్లు కడిగితే ఏమైతది. పదకొండూ నలభై. ఏడుసుకుంట బండిని రోడ్డు మీదికి నూకిన.

బువ్వ కలుపుతున్న సాయమ్మ అనే పెద్దమనిషి తెడ్డు పట్టుకొనే అచ్చింది. "ఏమైందిరా నాయినా?"

చెప్పిన. ఒక్కలు గూడ నిజమేనా అని అడుగలే. దేవేందర్ అనేటాయన అప్పటికే తన బండికి కిక్ కొడుతున్నడు. ఆడోళ్లే రాళ్లు జరిపిన్రు.

"గంట సేపు గా కాలువ కాడ ఏం చేసినవ్ బాంచెన్, సక్కగ మా దిక్కు రాకపోతివా" అన్నది సాయమ్మ.

నా బండి ఆడనే ఇడిసి దేవేందర్ ఎనుక ఎక్కిన. రుద్రంగి కాడ అడ్డమున్నరు, వేములవాడ కాడ అడ్డమున్నరు. దేవేందర్ "రక్తం, రక్తం" అనుకుంట పోతనే ఉన్నడు, వాళ్లు తొవ్వ ఇస్తనే ఉన్నరు. ఏడ గూడ అర నిమిషం ఆగలే.

సిరిసిల్ల దవఖాన చేరేసరికి పావు తక్కువ ఒంటిగంట. సృజన పోయి అర్ధగంటైంది. లచ్చయ్య గోడకు కూసున్నడు, ఒడిల పాత చీరల పిలగాడున్నడు.

"నువ్వేం చేస్తవ్ కొడుకా" అన్నడు. "బందు సంపింది నా బిడ్డను. బందోళ్లు నీకు తొవ్వ ఇడువలే. నువ్వేం చేస్తవ్."

దేవేందర్ నా దిక్కు చూసిండు. తప్పు నాదని నేను చెప్తననుకున్నడు. మెడల గులాబీ కండువా తీసి చేతుల పట్టుకున్నడు, ముసలాయన ముంగట వంగి దండం పెట్టిండు.

"తప్పైంది పెద్దయ్యా" అన్నడు, తొవ్వ ఇచ్చినోడు.

నా చేతులకు ఇంక పెట్రోల్ వాసన పోలే. నా నోరు మంచిది గాదని ముందే చెప్పిన. గా ఒక్క పూట గా నోరు లేవలే.