ఫాసిజానికి అర్థం రాసిన ఆదివారం

ముందుగదిలో ఓ పక్కన ఆమె తన భర్త చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. ఆయనా, ఆయన స్నేహితుడైన లాయరూ గంట నుంచి ఫాసిజం మీద గొంతులు చించుకుంటున్నారు. ఆయన కాలేజీలో రాజనీతిశాస్త్రం పాఠాలు చెప్తాడు. ఆమె పిల్లల నిఘంటువు తయారుచేసే ఆఫీసులో పనిచేస్తుంది. సరిగ్గా ఆ 'ఫాసిజం' అన్న మాటకే అర్థం రాసే పని శుక్రవారం ఆమె మీద పడింది. "'ఒకప్పటి నియంతృత్వం' అని రాసి పడేయండి, గొడవుండదు" అన్నాడు సంపాదకుడు. ఆ "ఒకప్పటి" దగ్గరే కలం ఆగిపోయింది. ఇంట్లో చెప్పబోతే, "నీకెందుకే ఆ తలనొప్పి, సంపాదకుడు చెప్పినట్టు రాసెయ్" అని ఆయన పేపరు తిప్పేశాడు. పదకొండేళ్ళుగా ఈ గదిలో ఆమె చేతులకు పనుంది గాని నోటికి లేదు.

"అది చరిత్రలో కలిసిపోయిన మాటరా. ఇప్పుడు నచ్చని ప్రతివాడికీ తగిలిస్తున్నారు," అంటున్నాడాయన.

"అసలు దానికీ, మామూలు నియంతృత్వానికీ తేడా చెప్పు ముందు," అన్నాడు లాయరు.

ఆయన తడుముకున్నాడు.

"నియంతకు మనం నోరు మూసుకుంటే చాలు," అంది ఆమె. "ఫాసిస్టులకు అది చాలదు. పక్కింటివాణ్ణి శత్రువని నమ్మాలి. వాణ్ణి కొడుతుంటే అదే దేశభక్తని చప్పట్లు కొట్టాలి."

ఇద్దరూ తిరిగి చూశారు. "కాలరు కాలుతుంది, చూసుకో," అన్నాడాయన.

"ఉండరా, దాన్ని చెప్పనీ," అంది బఠాణీలు వలుస్తున్న అత్తగారు.

ఆమె ఇస్త్రీపెట్టె ఆపేసి వచ్చి కుర్చీలో కూర్చుంది.

"అయితే ఇప్పటి పాలకులంతా ఫాసిస్టులేనంటావా?" అన్నాడాయన.

"అలా ఎలా అంటాను? ఓడితే కుర్చీ దిగుతున్నారా, ఎదురు రాసినవాడు నిశ్చింతగా ఇంట్లో ఉండగలుగుతున్నాడా, మన కష్టాలన్నిటికీ ఫలానావాళ్ళే కారణమని ఊదరగొడుతున్నారా, ఒక్కోటీ అడిగి చూడాలి. అన్నీ తేలేదాకా ఆగితే మాత్రం, అడగడానికి ఎవరమూ మిగలం."

లాయరు మెచ్చుకోలుగా బల్ల చరిచాడు. ఆయన ఓటమి దాచుకోవడానికి నవ్వాడు. "మరి మన ఇంటి సంగతేంటి? నేనూ ఫాసిస్టునేనా?"

"ఇంట్లో ఉన్నది నీ బద్ధకంరా. దానికంత పెద్ద మాటెందుకు?" అంది అత్తగారు.

ఆమె కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వుతోనే కాగితం తెచ్చి, "ఒకప్పటి" కొట్టేసి, "ఏ కాలంలోనైనా తలెత్తగల" అని రాసింది. రేపు సంపాదకుడు మొహం చిట్లిస్తాడు. చిట్లించనీ. వాదించడం ఇంత హాయిగా ఉంటుందని ఇన్నాళ్ళూ తనకెవరూ చెప్పలేదు.

"చెల్లెమ్మా, టీ..." అని నసిగాడు లాయరు. ఆమె కదల్లేదు. భర్తే లేచి వంటింట్లోకి వెళ్ళాడు.

"టీపొడి ఏ డబ్బాలో ఉంది?" వంటింట్లోంచి కేక.

"మూతలు తీసి చూడండి," అంది ఆమె, కొత్త వాక్యం మొదలుపెడుతూ.