మూడు ఎర్ర కుట్లు

పాత గుడ్డ కుట్టు విప్పాలంటే ముందు ముడి ఎక్కడుందో వెతుక్కోవాలి. ముడి చూడకుండా కత్తెర పెట్టేవాళ్ళు దారాన్నీ పాడు చేస్తారు, గుడ్డనీ పాడు చేస్తారు, ఆ తర్వాత గుడ్డలో పస లేదని గుడ్డనే తిడతారు. ముడి దొరికితే దారం మొత్తం ఒక్క పోగుగా చేతిలోకి వచ్చేస్తుంది. అలా వచ్చిన దారాన్ని ఆమె అట్టముక్కలకి చుట్టి, బిస్కెట్ల డబ్బాలో రంగుల వారీగా దాచుకుంటుంది. దారం దాచేవాళ్ళని పిసినారులంటారు కానీ నిజానికి వాళ్ళు కళాకారులని ఒకసారి భర్తతో అంది. బీమా ఆఫీసు గుమాస్తా అయిన ఆయన పేపరు దించకుండానే రెండింటికీ పెద్ద తేడా ఏముందన్నాడు.

కుడిచేత్తో కుట్టేవాళ్ళ ముడి కుడి చివర ఉంటుంది. ఆ మధ్యాహ్నం ఒళ్ళో పెట్టుకున్న పాత కర్టెనుకి కుడి చివర ముడి లేదు.

కర్టెను పాత సామాన్ల కొట్టులో దొరికింది. చలికాలం వస్తోందంటే ఆమె ఆ కొట్టుకి వెళ్ళడం, కొట్టావిడ మూలనున్న ఇనప పెట్టెలు ముందుకి లాగడం ఎనిమిదేళ్ళుగా మామూలే. వేసవికి తెల్లవీ, వానలకి నీలివీ, చలికి ముదురు రంగువీ అని ఏడాదికి మూడుసార్లు ముందుగదికి వేషం మారుస్తుంది. పగిలిన లాంతర్లకి గాజు పెంకులు అతుకుతుంది, ఎండు కొమ్మలకి సున్నం పూసి జాడీల్లో నిలబెడుతుంది. డిగ్రీలో మూడేళ్ళు చదివిన వృక్షశాస్త్రం ఎండు కొమ్మలు ఏరుకోవడానికైనా పనికొచ్చిందని తనలో తనే నవ్వుకుంటుంది. కాలం మారిన మొదటి ఆదివారం వీధిలోవాళ్ళు టీకి వస్తారు. గది చూసి ముక్కు మీద వేలేసుకుంటారు. అప్పుడు అత్తగారు కుర్చీలో కాస్త ముందుకి జరిగి, "మా ఇంటి చెయ్యే అంత" అంటుంది. ఇంటికే రెండు చేతులు మొలిచి రాత్రంతా కూర్చుని కుట్టినట్టు.

"ఈ పెట్టె మూడిళ్ళు తిరిగి మళ్ళీ నా దగ్గరికే వచ్చింది చెల్లెమ్మా. ఎవరింట్లోనూ నిలవలేదు" అంది ఈసారి కొట్టావిడ. పెట్టెలో కలరా ఉండల వాసన, రెండు ముదురాకుపచ్చ కర్టెన్లు. ఒకటి పూర్తయింది. రెండో దానికి అంచు సగం దాకా మడిచి కుట్టి, సూది అక్కడే గుచ్చి వదిలేశారు. సూది తుప్పుపట్టి, గుడ్డ మీద చింతగింజంత మరక చేసింది. ఎవరో ఇప్పుడే వస్తానని లేచి వెళ్ళినట్టుంది.

పూర్తయిన కర్టెనుకి ముడి ఎడమ చివర దొరికింది. అక్కణ్ణుంచి విప్పుకుంటూ పోతే, కుట్టు అయిపోయే చోట, లోపలి వైపు, ఎవరికీ కనపడకుండా మూడు ఎర్ర కుట్లు. ఆకుపచ్చ దారం మధ్యలో మూడంటే మూడు.

ఆమె చేతులు ఆగిపోయాయి. ఆ మూడు కుట్లు ఆమెకి తెలుసు.

ఈ ఇంటి దిండు గలీబులు, సోఫా ముసుగులు, పడగ్గది కర్టెన్లు, అన్నీ కళ్ళు బాగున్న రోజుల్లో తానే కుట్టానని అత్తగారు చెబుతుంది. వాటిలో ఏది చిరిగినా బాగుచేసేది మాత్రం కోడలే. అన్నిటికీ ముడి ఎడమ చివర, చివర్లో మూడు ఎర్ర కుట్లు. సరైన రంగు దారం అయిపోయి పెద్దావిడ చేతికందింది వాడేసిందనుకుంది. మాట వస్తే నొచ్చుకుంటుందని, ఆ ఎర్ర కుట్లు విప్పేసి, గుడ్డ రంగు దారంతో మళ్ళీ కుట్టి పెట్టేది. అత్తగారి తప్పుల్ని గుట్టుగా సరిదిద్దుతున్నానని కాస్త గర్వపడింది కూడా. ఆ అత్తగారు గరిటె పట్టినా, కలం పట్టినా, వేలెత్తి చూపించినా కుడిచేత్తోనే అన్న సంగతి ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు.

ఈ ఇంటికి ఆమె రెండో ఆవిడ. మొదటావిడ గురించి పెళ్ళికి ముందు ఒకే వాక్యం చెప్పారు: జబ్బు చేసి పోయింది, పిల్లల్లేరు. పెళ్ళయ్యాక అత్తగారు ఇంకొక వాక్యం కలిపింది. "మంచిదేలే పాపం, సూది పట్టుకోవడం కూడా రాదు, ఏది చేసినా తిరకాసే." అంతే. రెండేళ్ళ కాపురం చేసిన మనిషి రెండు వాక్యాల్లో సరిపోయింది. ఆవిడ పోయిన నెలలోనే ఆవిడవన్నీ పెట్టెలో కుక్కి పాత సామాన్లవాళ్ళకి వేసేశారని పనిమనిషి ద్వారా ఎప్పుడో తెలిసింది. ఇంటికి పనికొచ్చేవి ఇంట్లో ఉండిపోయాయి, పేరు మారి.

డబ్బాలోంచి ఎర్ర దారం చుట్టిన అట్టముక్క తీసింది. ఎనిమిదేళ్ళ కుట్లలో మిగిలింది మూరెడు దారం కూడా లేదు. మిగతాది కిందటి చలికాలం ఎండు కొమ్మలు కట్టలుగా కట్టడానికి వాడేసింది. కాలం మారాక కట్టల్ని కట్టలుగానే పొయ్యిలో పెట్టింది. మంచం మీద తనకి ఎడమపక్క ఎవరో కూర్చుని, ఏమీ అనకుండా, ఆ అట్టముక్కనే చూస్తున్నట్టనిపించింది. కోపంగా ఉంటే బాగుండేది. ఓపిగ్గా ఉన్నట్టనిపించింది.

పొద్దుగూకే లోపు ఇంట్లో ఉన్న ప్రతి అంచూ తిరగేసి చూసింది. తాను బాగుచేయని వాటిలో ఎర్ర కుట్లు భద్రంగా ఉన్నాయి. తాను శ్రద్ధ పెట్టిన చోటల్లా ఆవిడ లేదు. ఈ ఇంట్లో ఆవిడని ఎవరు తుడిచేశారని అడిగితే అత్తగారి పేరొక్కటే చెప్పడం కుదరదు.

భోజనాల దగ్గర భర్తని అడిగింది, ఆవిడది ఎడమచేతి వాటమా అని.

ఆయన ముద్ద ఆగింది. "ఎవరిది?" అన్నాడు, ఎవరో తెలిసీ. తర్వాత కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, ఆమెకి దానికే భయం వేసింది. "ఏమో, గుర్తులేదు. ఇప్పుడెందుకవన్నీ?"

"మరి నాది?"

"ఏం ప్రశ్నలే ఇవి? కుడి. అందరిదీ కుడే కదా" అని పెరుగు గిన్నె జరుపుకున్నాడు.

ఆ సమాధానం రైటే. అయినా ఆ జవాబుకి మార్కులు వేయబుద్ధి కాలేదు. ఎదురుగా కూర్చున్న మనిషి చెయ్యి చూసి చెప్పింది కాదది. ఇంకొక ఎనిమిదేళ్ళకి, పదేళ్ళకి, ఈ లాంతర్లూ ఈ కొమ్మలూ ఎవరి పనని ఎవరైనా అడిగితే ఈయన ఇలాగే నిజంగా ఆలోచించి, ఏమో, గుర్తులేదంటాడు. అత్తగారు ముందుకి జరిగి ఇంటి చెయ్యి అంటుంది. తన గురించి ఎన్ని వాక్యాలు మిగులుతాయో లెక్కేసుకుంది. రెండుకి మించలేదు.

మర్నాటి నుంచి మధ్యాహ్నాలు అత్తగారు కునుకు తీసేటప్పుడు కూర్చుంది. ముందు, సగంలో ఆగిన కర్టెను. తుప్పు సూదిని తీసి పక్కన పెట్టి, కొత్త సూది ఎడమచేత్తో పట్టుకుంది. మొదటి రోజు అంచు కంటే వేలికే ఎక్కువ కుట్లు పడ్డాయి. రెండో రోజు కుట్లు తాగినవాడి నడకలా సాగాయి. మూడో రోజు ఎక్కడో మధ్యలో, ఆమె వేరే ఏదో ఆలోచిస్తూ చూసుకునేసరికి జానెడు అంచు చక్కగా కుట్టి ఉంది. పాత కుట్టు ఎక్కడ ఆగిందో, కొత్తది ఎక్కడ మొదలైందో మరక లేకపోతే ఆమెకే తెలిసేది కాదు. అయినా సూది దించలేదు. తాను విప్పేసిన మొదటి కర్టెను అంచునీ అలాగే ఎడమచేత్తో కుట్టేసింది.

ఎర్ర దారం ఉన్నంత మేరా, తాను విప్పిన చోటల్లా మూడేసి కుట్లు తిరిగి వేసింది. నాలుగింటికి దారం చాల్లేదు. కొత్త ఎరుపు కొనలేదు. ఆ నాలుగూ ఖాళీగానే వదిలేసింది, ఎవరు విప్పారో అక్కడ తెలియాలిగా. ప్రతి ఎరుపు పక్కనా, ప్రతి ఖాళీ పక్కనా, కుడిచేత్తో తనవి మూడు నీలం కుట్లు వేసింది.

ఆదివారం పొద్దున గది సర్దింది. లాంతర్లు, తెల్లకొమ్మలు, ఆకుపచ్చ కర్టెన్లు. కర్టెన్లూ గలీబులూ ముసుగులూ అన్నీ లోపలి వైపు పైకి వచ్చేలా తిరగేసి వేసింది. రంగు కాస్త వెలిసినట్టు కనిపించింది కానీ, ప్రతి అంచు మీదా ఎరుపూ నీలమూ పక్కపక్కనే నిలబడ్డాయి.

అందరికంటే ముందు రిటైరైన టీచరుగారు వచ్చింది. జీవితమంతా తప్పులు దిద్దిన కళ్ళు కాబట్టి గుమ్మంలోనే పట్టేసింది. "అన్నీ తిరగేసి వేశావేంటమ్మా?"

"కుట్టిన చేతులు ఇటువైపే కనిపిస్తాయండీ" అంది ఆమె, టీ కప్పులు సర్దుతూ.

"బాగున్నాయి సుమా. ఎవరు కుట్టారు?"

అత్తగారు అలవాటుగా ముందుకి జరిగింది. "మా ఇంటి..." అంటూ కర్టెను అంచు చేతిలోకి తీసుకుంది. వేలు ఎర్ర కుట్ల మీద ఆగింది. చూపు ఆనడం లేదేమో, బొటనవేలితో తడిమింది, ఒకటి, రెండు, మూడు.

"ఆ పిల్లది ఎడంచెయ్యి" అంది పెద్దావిడ ఎవరితోనూ కాకుండా. "ఎంత చెప్పినా మార్చుకోలేదు."

పేపరు వెనకనుంచి భర్త తల బయటికొచ్చింది. "అమ్మా" అన్నాడు, చాలనే స్వరంతో.

ఆమె టీ కప్పు తీసుకెళ్ళి ఆయన చేతికిచ్చింది. కర్టెను కేసి చూపించి, కూరలోకి ఉప్పెంత వేయాలో చెప్పేంత మామూలుగా అంది.

"నీలం కుట్లు నావండీ. రేపు మూడో ఆవిడ వచ్చి విప్పబోతే, ముడి కుడి చివర ఉంటుందని చెప్పండి."