టొరంటో మీదుగా

“పచ్చళ్లు చేతిసంచిలో వద్దండీ, సెక్యూరిటీలో తీయించేస్తారు. పెద్ద సూట్‌కేస్‌లో సర్దండి.” ఫోన్‌ని భుజానికీ చెవికీ మధ్య నొక్కిపట్టి, పద్మజ ఇంకొకరి టికెట్ ప్రింట్ తీసింది. అమెరికాలోని ఐసెలిన్‌లో చీరల షాపు మీది ట్రావెల్ ఆఫీసు అది. ఆమె కుర్చీకి ఒక చక్రం లేదు. మడమ నేలకి తన్నిపెట్టి కూర్చోవడం ఏళ్లుగా అలవాటైపోయింది. ఊరందరినీ విమానం ఎక్కించే మనిషి తను ఎక్కి చాలాకాలమైంది.

భర్త ఈశ్వరయ్య ఆస్పత్రిలో ఉన్నా పనికి రాక తప్పలేదు. సెలవులు అయిపోయాయి. ఆయన ఇన్సూరెన్స్ ఈ ఉద్యోగంతోనే ముడిపడి ఉంది. ఆయన కోరిక ఒక్కటే, పోయేలోగా తమ్ముణ్ని చూడాలి.

మరిది శశికాంత్ టర్క్స్ అండ్ కైకోస్ దీవుల్లో హోటల్ అకౌంటెంట్. అక్కడి పౌరుడయ్యాడు. బ్రిటిష్ ఏలుబడిలోని ఆ దీవుల పాస్‌పోర్ట్‌కి అమెరికా వీసా అక్కర్లేదు. అక్కణ్నుంచి ఇక్కడి నెవార్క్‌కి నేరుగా వచ్చే విమానం రేపు. అంతదాకా ఆగలేక, ఇవాళే దిగేలా టొరంటో మీదుగా టికెట్ తీసింది పద్మజ.

మధ్యాహ్నం ఫోన్ మోగింది.

“వదినా, అమెరికా ఇమిగ్రేషన్ వాళ్లు టొరంటోలోనే ఆపేశారు.”

“అదేంటి? కేసులేమీ లేవన్న పోలీసు సర్టిఫికెట్ చూపించావా?”

“చూపించా. దీవి నుంచి నేరుగా వస్తేనే వీసా లేకుండా రానిస్తారట. మధ్యలో ఇంకో దేశం తగలకూడదట.”

పద్మజ రూల్స్ పేజీ తెరిచింది. ఎవరి టికెట్ అయినా రూల్స్ రెండుసార్లు చదివే మనిషి, ‘వీసా అక్కర్లేదు’ అన్న ముక్క చూడగానే ఆ కింద చదవలేదు.

“నావల్లే శశీ.”

“ఊరుకో వదినా. నీ పెళ్లిలో నా చొక్కా మీద సాంబారు ఒలకబోసినప్పుడూ ఇదే మాట. వెనక్కి పంపించు, నేరుగా వస్తా. అన్నయ్యకి చెప్పు, తిట్లన్నీ దాచిపెట్టుకోమను.”

వెనక్కి విమానం రేపు. మళ్లీ నెవార్క్‌కి ఎల్లుండి. తను తొందరపడకపోతే రేపే దిగేవాడు. రెండు టికెట్లూ తీసింది. ఈసారి ప్రతి అక్షరం చదివింది.

సాయంత్రం ఆస్పత్రికి వెళ్లేసరికి మంచం చుట్టూ తెర లాగి ఉంది. నర్సు నైనిక ఎదురొచ్చి చేయి పట్టుకుంది.

“సారీ ఆంటీ. జస్ట్ ఇప్పుడే పోయారు. కాల్ చేస్తున్నా, మీరే వచ్చారు. అంకుల్‌కి పెయిన్ లేదు. బ్రదర్ వస్తున్నారని షేవ్ చేయమన్నారు. హాఫ్ అయింది, అంతలో...”

పద్మజ తెర జరిపింది. ఒక చెంప నున్నగా మెరుస్తోంది. రెండోదాని మీద నెరిసిన గడ్డం అలాగే ఉంది.

వాష్‌బేసిన్ అంచున ప్లాస్టిక్ రేజర్. దాని మీద నురగ ఇంకా ఆరలేదు.