ఆరు గంటల మనవరాలు

ఆ పొద్దున ఆకాశం కురవాలో వద్దో తేల్చుకోలేక బూడిదరంగు మూతలా ఊరి మీదకి దిగి ఉంది.

ఊళ్లో కాన్పులు చేసే నర్సమ్మ ఆస్పత్రి తాళం తీసింది. రెండు గదుల ఆస్పత్రి. ముందు గదిలో బల్ల, దాని మీద రిజిస్టరు. వెనక గదిలో కాన్పుల మంచం, పక్కన పసిబిడ్డల్ని వెచ్చగా ఉంచే పెట్టె. పెట్టె వచ్చి రెండేళ్లయింది. కరెంటు మాత్రం దాని వెంట రాలేదు. పెద్ద అధికారులు వచ్చిన రోజున దుమ్ము దులిపి చూపిస్తారు.

నిన్న ఆ మంచం మీదే ఆమె కోడలు ప్రసవించింది. నెలలు నిండని ఆడపిల్ల. ఏడ్చింది. రెండుసార్లు రొమ్ము పట్టింది. అత్తాకోడళ్లు మార్చి మార్చి గుండెలకు హత్తుకున్నా ఒంట్లో వేడి నిలవలేదు. ఆరు గంటలు బతికింది.

పొద్దున ఇంట్లోంచి బయల్దేరుతుంటే కోడలు ఒక్కటే అడిగింది.

"అత్తయ్యా, బతికిందని రాయి. ఆరు గంటలని రాయి. నాకింకేం వద్దు."

రిజిస్టరు తెరిచేసరికి జీపు ఆగింది. జనన మరణాల లెక్కలు చూసే అధికారి దిగాడు.

"ఏం నర్సమ్మా, ఈ నెల పసిబిడ్డ చావు ఒక్కటీ లేదట! పరువు నిలబెట్టావు."

"ఒకటుంది సారూ. నా మనవరాలు. నిన్న పుట్టి ఆరు గంటలు బతికింది."

ఆయన బల్ల దగ్గరి కుర్చీ ఆమె వైపు జరిపాడు. మంచివాడే. చెడ్డవాడైతే ఆమె నాలుగు తిట్టి ఊరుకునేది.

"ఒకరోజు నిండలేదుగా. చచ్చి పుట్టిందని రాసెయ్. అది వేరే పేజీ, ఎవరూ అడగరు."

"ఏడ్చింది సారూ."

"దేశాలన్నిటి జాబితా వస్తోందమ్మా. సంపాదనలో ఎగబాకాం. పసిబిడ్డల్ని బతికించుకోవడం దగ్గరికొచ్చేసరికి, మనలో సగం సంపాదన లేని దేశం మనకంటే పైనుంది. పెద్దలకు తల కొట్టేసినట్టుంది."

"ఆ పేదోళ్ల పెట్టెలకు కరెంటుందేమో. మన డబ్బు పెద్దరోడ్డు మీదే పోతోంది సారూ, ఊళ్లోకి దిగట్లేదు."

ఆయన నవ్వబోయి ఆపుకున్నాడు. రిజిస్టరు పేజీలు వెనక్కి తిప్పాడు.

"సరే, ఊపిరి పీల్చిందనే రాయి. మరి చచ్చి పుట్టారని రాసిన ఈ పదకొండు మంది? అంతా నీ చేతిరాతేగా. వీళ్లెవరూ ఏడవలేదా?"

నర్సమ్మకు పదకొండు మందీ గుర్తే. గొడుగులు బాగుచేసేవాడి కొడుకు తెల్లారేదాకా కళ్లు తెరిచే ఉన్నాడు. ఇటుకబట్టీ ఆమె కవలలు మధ్యాహ్నం దాకా ఉన్నారు. పైనుంచి చెప్పారని అందరినీ చచ్చి పుట్టినట్టే రాసింది. రాత మారిస్తే బిడ్డ తిరిగొస్తుందా అని ఆ తల్లులకు తానే సర్దిచెప్పింది. ఇప్పుడు ఒక్కదానికి నిజం రాస్తే, నీ మనవరాలిదేనా ప్రాణం అని పదకొండు గడపలూ నిలదీస్తాయి.

కలం తీసి, చచ్చి పుట్టిందని రాసింది. సిరా ఆరేదాకా అధికారి పక్కనే నిలబడ్డాడు.

ఇంటికొచ్చేసరికి కొడుకు వండి కంచాలు పెట్టాడు. కోడలు గోడకు ఆనుకుని కూర్చుంది. పాలు చేపి గుండెల మీద బట్ట తడిసింది.

"రాశావా అత్తయ్యా?"

"రాశాను."

"ఆరు గంటలనేనా?"

నర్సమ్మ చెంబు అందుకుని చేతులు కడుక్కుంది. కడిగిన చేతులే మళ్లీ కడుక్కుంది.

కోడలు ఆ చేతుల వైపే చూసింది. కంచం దగ్గరకు లాక్కుంది. ముగ్గురూ తలెత్తకుండా, చప్పుడు లేకుండా తిన్నారు.