స్తంభం దాకా

నలభై అయిదేళ్ళు నిండేదాకా నేను పరుపు మీద పెట్టిన మనసు పరుగు మీద ఎన్నడూ పెట్టలేదు. పెళ్ళి ఆలస్యం, పిల్ల ఇంకా ఆలస్యం. ఆయాసం ఒక్కటే సమయానికి వచ్చింది. నాకు కళ్ళజోళ్ళ షాపులో పని. రోజంతా ఎదుటివాళ్ళ చూపు సరిచేస్తాను గానీ, నా నడుము వైపు మాత్రం చూపు తిప్పను.

మా ఆవిడ అలాంటి మనిషి కాదు. రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్. పెళ్ళికి ముందు నుంచీ పరిగెత్తేది. పరుగు ఆమె రక్తంలోనే ఉందని నేనంటే, "రక్తం సంగతి నాకు చెప్పకండి" అనేది. పాప పుట్టాక ఆ బూట్లు రెండున్నరేళ్ళు మంచం కింద దుమ్ము తిన్నాయి. ఒకరోజు వాటిని బయటికి లాగి, దులిపి, ఇరవై ఒక్క కిలోమీటర్ల పందేనికి పేరు ఇచ్చి వచ్చింది. మూడు గంటల్లో చేరాలి. ఆ తర్వాత గేటు మూసేస్తారు.

"పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ అందరి పనులే. ఇదొక్కటి నాది" అంది. "గేటు మూసేలోపల లోపలుండాలి. అంతే నాకు కావలసింది."

అందరూ అంటే ఇద్దరమే. నేనూ, పాపా. పాపకి ఆస్పత్రి కాగితంలో చక్కటి పేరే ఉంది గానీ, ఇంట్లో అందరం పిడుగనే పిలుస్తాం. ఎప్పుడు పడుతుందో, ఎక్కడ పడుతుందో, దేని మీద పడుతుందో తెలియదు కనక.

పెంపకంలో మొదట చేసుకోవలసింది పంపకం. తెల్లవారి అయిదింటికి ఆవిడ పరుగుకి వెళ్ళేది. అయిదూ ముప్పావుకి తిరిగొచ్చి, చేతి వాచీ విప్పి, ఇంకా వెచ్చగా ఉండగానే నా చేతికి పెట్టేది. అప్పుడు నేను బయల్దేరేవాణ్ణి. ఆవిడ పరిగెత్తుతుంటే ఇంట్లో ఉత్తినే కూర్చోవడానికి నాకూ మొహం చెల్లలేదు మరి. ఆరూ ఇరవైకల్లా నేను ఇంట్లో ఉండాలి. లేకపోతే ఆవిడ బస్సు పోతుంది. మంగళవారాలు మాత్రం ఆవిడకి తెల్లవారుజాము డ్యూటీ. ఆ రోజు నేను పిడుగుని స్ట్రోలర్లో వేసుకుని తోసుకుంటూ పరిగెత్తేవాణ్ణి. అది "బండి స్పీడుగా పో" అనేది, నేను పోయేలా ఉండేవాణ్ణి.

ఆ వాచీ ల్యాబులో వాళ్ళంతా కలిసి ఆవిడ పుట్టినరోజుకి ఇచ్చింది. ల్యాబులో చేతులకి గ్లవుజులు కాబట్టి అక్కడ పెట్టుకోదు. ఎన్ని కిలోమీటర్లు పరిగెత్తావో అది చెబుతుంది. దాన్నిబట్టి రేపు ఎంత పరిగెత్తాలో కూడా చెబుతుంది.

"మీకిచ్చేది టైము చూసుకోవడానికి. పక్కనున్న బటన్ పరుగు లెక్కకి, దాన్ని ముట్టుకోకండి" అంది మొదటిరోజే.

మూడో రోజున ముట్టుకున్నాను.

ఎందుకంటే చెబుతాను. బటన్ నొక్కి పరిగెత్తితే, చివర్లో అది మణికట్టు మీద చిన్నగా వణికి, "శభాష్" అని రాసేది. నలభై అయిదేళ్ళలో నా ఒంటి విషయంలో శభాష్ అన్నవాళ్ళు లేరు. డాక్టరు "ఊఁ" అన్నాడు. దర్జీ "అబ్బో" అన్నాడు. అక్షరాలా మెచ్చుకున్నది ఆ వాచీ ఒక్కటే. మర్నాడు మళ్ళీ నొక్కాను. ఆ మర్నాడూ. నొక్కినట్టు ఆవిడ దగ్గర నొక్కిపెట్టాను కూడా.

ఏడు వారాలు గడిచాయి. రోజు విడిచి రోజు వాచీ ఆవిడకి "రేపు విశ్రాంతి" అని చెప్పేది. ఆవిడ ముచ్చటపడేది. విశ్రాంతి రోజున ఆరింటిదాకా పిడుగుని కావలించుకుని పడుకునేది. నేనూ సంతోషించాను. ఎందుకు చెబుతోందో ఆలోచించలేదు. ఆలోచన నా రోజువారీ వ్యాయామాల్లో లేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం పిడుగు నిద్రపోతోంది. ఆవిడ బట్టలు మడతపెడుతూ మధ్యలో ఫోనులో వాచీ పాత వివరాలు తెరిచింది.

"ఏమండీ, మొన్న మంగళవారం ఆరింటికి నేను నాలుగు కిలోమీటర్లు పరిగెత్తానట."

"మంచిదే కదా" అన్నాను.

"మంగళవారం ఆరింటికి నేను ఒక పెద్దాయన చెయ్యి పట్టుకుని నరం వెతుకుతున్నాను. వాచీ ఇంట్లో ఉంది. మీ చేతికి ఉంది."

"వేలు జారిందేమో."

"ఏడు వారాల నుంచీ జారుతోందా?"

ఆవిడ వేలితో తెరని పైకి తోసుకుంటూ వెళ్ళింది. తోస్తున్నకొద్దీ మొహంలో నవ్వు తగ్గింది.

"దీనికి తెలిసిన మనిషి వారానికి నలభై కిలోమీటర్లు పరిగెత్తుతోంది. పొద్దున్నే రెండుసార్లు. ఒకసారి మామూలుగా, ఒకసారి తాబేల్లా. అలాంటి మనిషిని పడుకోమనక ఏం చేస్తుంది పాపం?" మెల్లగా అంది. "ఈ ఇంట్లో నన్ను విశ్రాంతి తీసుకోమన్నది ఇదొక్కటే అనుకున్నాను. అదీ మీ ఆయాసం చూసి అందన్నమాట."

పందేనికి ఇంకా అయిదు వారాలే ఉంది. ఆవిడ ఒక్క విడతలో పరిగెత్తిన అతి పెద్ద దూరం ఆరు కిలోమీటర్లు. పిడుగు గౌను ఒకటి, అరచేయంత ఉంటుంది, దాన్ని నాలుగుసార్లు మడతపెట్టి విప్పి మళ్ళీ మడతపెట్టింది.

మామూలుగా నా నోట్లో ఏదో ఒక చమత్కారం సిద్ధంగా ఉంటుంది. ఆ మధ్యాహ్నం వెతికితే ఒక్కటీ దొరకలేదు.

"తప్పు నాది" అన్నాను. "ఈ అయిదు వారాలూ నేను పరిగెత్తను. పొద్దున్నంతా నీదే."

"మామూలు రోజులు సరే, ఆరింటిదాకా అది లేవదు. ఆదివారం రెండు మూడు గంటలు పరిగెత్తాలి. అది లేచి నేను కనబడకపోతే?"

"నేను చూసుకుంటా."

"మీరు చూసుకుంటారు. అది చూడనివ్వాలిగా."

నిజమే. అమ్మ కనబడకపోతే పిడుగు పెట్టే కేకకి కింద వాటావాళ్ళు రెండుసార్లు పైకొచ్చి, మర్యాదగా, ఎవరికైనా దెబ్బ తగిలిందా అని అడిగారు.

"అయితే నువ్వు దూరం వెళ్ళొద్దు. బస్సు డిపో చుట్టూ తిరుగు. దాన్ని తీసుకొచ్చి టైర్ల షాపు ముందు కూర్చుంటాను. ప్రతి చుట్టుకీ నువ్వు దానికి కనబడతావు" అన్నాను.

డిపో చుట్టూ ఒక చుట్టు రెండున్నర కిలోమీటర్లు. ఆదివారం ఉదయం టైర్ల షాపు షట్టరు దించి ఉంటుంది. ముందర సిమెంటు అరుగు. నేను, స్ట్రోలర్, నీళ్ళ సీసా, పాలసీసా, బిస్కట్లు, ఒక జత మార్పు బట్టలు. ఊరు వదిలి పోతున్న కుటుంబంలా ఉండేవాళ్ళం. ఇరవై నిమిషాలకోసారి మూల మీద ఆవిడ తేలేది. పిడుగు చప్పట్లు కొట్టేది. ఆవిడ పరిగెడుతూనే దాని తల నిమిరి, నా చేతిలో నీళ్ళు లాక్కుని తాగి, సీసా విసిరేసి పోయేది. సీసా పట్టుకోవడంలో నాకు మంచి అభ్యాసం అయింది. రెండే రెండుసార్లు మొహంతో పట్టుకున్నాను.

మొదటి ఆదివారం మూడో చుట్టుకి పిడుగు బెల్టు ఊడదీసుకుంది. "నేనూ" అంది.

"అమ్మకి లేటవుతుందే" అన్నాను.

"నేనూ" అంది, ఈసారి కింది వాటాకి వినబడే స్థాయిలో.

అమ్మే ఒప్పందం చేసింది. షాపు దగ్గర్నుంచి కరెంటు స్తంభం దాకా, పాతికడుగులు, తనతో పరిగెత్తవచ్చు. అక్కణ్ణుంచి వెనక్కి, నాన్న దగ్గరికి.

"తంబం దాకా" అని పిడుగు మాట ఇచ్చింది. మాట తప్పలేదు. వెనక్కి తెచ్చే బాధ్యత నాది కాబట్టి పాతికడుగులు నాకూ తప్పలేదు. అమ్మ మీద గెలవాలని రెండు చేతులూ వెనక్కి పెట్టి, తల ముందుకి వంచి దూసుకుపోయేది. అయిదో చుట్టుకి కాళ్ళీడుస్తూ వచ్చిన ఆవిడ కూడా ఆ పాతికడుగుల్లో మాత్రం ఎక్కడలేని ఓపికా తెచ్చుకునేది. ఓడిపోతే ఆ రోజంతా వినాలి మరి.

అలా ఒక ఆదివారం పన్నెండున్నర, తర్వాత పదిహేను, తర్వాత పదిహేడున్నర అయ్యాయి. నా బూట్లు మంచం కిందికి వెళ్ళి ఆవిడ బూట్ల పాత స్థలంలో దుమ్ము తినసాగాయి. నా పరుగంతా స్తంభానికీ షాపుకీ మధ్యే.

పందెం రోజు బయల్దేరే ముందు ఆవిడ వాచీ విప్పి నా చేతికి పెట్టింది.

"నాకిప్పుడిది బరువు. మీ దగ్గరుంచండి. బటన్ ముట్టుకున్నారో, నరం ఎక్కడుంటుందో నాకు తెలుసు."

చివరి మలుపు దాటాక కొంత దూరంలో నిలబడ్డాం, నేనూ పిడుగూ. అక్కణ్ణుంచి గేటు మూడు వందల అడుగులు. తిన్నగా కనబడుతోంది. పైన పెద్ద గడియారం, కింద విజిలు మెడలో వేసుకుని ఒకాయన. పందెం మొదలై రెండు గంటల నలభై నిమిషాలయింది. ఆవిడ రాలేదు. రెండూ యాభై. పిడుగు రెండు అరటిపళ్ళు తిని మూడోది నా చొక్కాకి తినిపించింది. రెండూ యాభై నాలుగుకి మూల మీద ఆవిడ తేలింది.

నడుస్తోంది. ఒక చెయ్యి డొక్కలో పెట్టుకుని, కింది పెదవి పళ్ళ మధ్య నొక్కిపట్టి, అడుగు తీసి అడుగు వేస్తోంది. మా ఎదురుగా వచ్చేసరికి మరో మూడు నిమిషాలు పట్టింది. వచ్చి ఆగిపోయింది.

"ఇక నావల్ల కాదండీ" అంది.

గేటు దగ్గర విజిలాయన గడియారం కేసి చూసి తలుపు రెక్క మీద చెయ్యేశాడు. నేను అటే చూస్తూ చెయ్యి సడలించాను కాబోలు, పిడుగు అందులోంచి జారింది. రోడ్డు మీదికెళ్ళి అమ్మ మోకాలు తట్టి, వేలు చూపించింది. అటు నిజంగానే ఒక కరెంటు స్తంభం ఉంది.

"తంబం దాకా" అంది. అని, రెండు చేతులూ వెనక్కి పెట్టి, తల ముందుకి వంచి దూసుకుపోయింది.

ఆవిడ దాన్ని చూసింది. ఏ తల్లి అయినా చూస్తుంది, రోడ్డు మీద పిల్ల పరిగెడుతుంటే. తర్వాత కదిలింది. ముందు కుంటుతూ, తర్వాత మామూలుగా. స్తంభం వచ్చింది. "ఇంకో తంబం" అంది పిడుగు. రెండోది గేటు పక్కనే ఉంది. నేను వెనక నుంచి, డొక్క పట్టుకుని.

"పాపకి నంబరు లేదండీ, లోపలికి రాకూడదు" అన్నాడు విజిలాయన.

"అది స్తంభం దాకానే వస్తుంది" అన్నాను, దాన్ని ఎత్తుకుంటూ. ఆవిడ అతని చేతి కిందనుంచి లోపలికి వెళ్ళిపోయింది. పైన గడియారంలో మూడు గంటలకి ఇరవై రెండు సెకన్లు తక్కువ.

కాసేపటికి మెడలో పతకంతో బయటికొచ్చి, ఫుట్‌పాత్ మీద నా పక్కన చతికిలబడింది. పిడుగు వెంటనే పతకాన్ని తన మెడలోకి మార్చుకుంది. గెలిచింది తనే కదా.

"బటన్ నొక్కారా?" అంది ఆవిడ.

"లేదు. ఒట్టు."

నా చెయ్యి ఒళ్ళోకి లాక్కుని, వాచీ చూసి, తనే నొక్కింది.

"బస్‌స్టాపు కిలోమీటరున్నర. నేను దీన్ని ఎత్తుకోలేను. మీరు ఎత్తుకుని నడవండి. మీ శభాష్ మీరు తీసుకోండి."

పిడుగు నా భుజం మీద నిద్రపోయింది. దాని మెడలోని పతకం అడుగడుక్కీ నా వీపుకి తగులుతోంది. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని, బరువంతా నామీదే వేసి, మెల్లగా వస్తోంది. కిలోమీటరు అయ్యేసరికి వాచీ వణికింది. ఆవిడ నా మణికట్టు తిప్పి చదివింది.

"ఇరవై మూడు నిమిషాలు" అంది. "నా రికార్డంతా పాడుచేశారు."

చెయ్యి మాత్రం వదల్లేదు.